ఐరోపాకు ఉత్తరపు హద్దు ఎక్కడ?

నార్వే ఉత్తరపు కొసన మాగెరోయా అనే దీవి ఉంది. దాని అంచున సముద్రం మీదికి 307 మీటర్ల ఎత్తున నిటారుగా నిలిచిన కొండచరియను నార్డ్‌కాప్ అంటారు. 1553లో ఈశాన్య దిశగా చైనాకు సముద్రమార్గం వెతుకుతూ బయలుదేరిన ఆంగ్ల నావికులు దీన్ని చూసి ఉత్తర అగ్రమని పేరు పెట్టారు. ఐరోపా ఇక్కడితో సరి అన్న నమ్మకం ఆనాటి నుంచి పాతుకుపోయింది. 17వ శతాబ్దంలో ఇటలీలోని రవెన్నా నుంచి ఫ్రాంచెస్కో నెగ్రి అనే మతగురువు ఎన్నో కష్టాలకు ఓర్చి ఇక్కడికి చేరాడు. 1873లో స్వీడన్, నార్వేల రాజు రెండవ ఆస్కర్, 1907లో సయాం రాజు చులాలోంగ్‌కోర్న్ వచ్చారు. 1999లో సముద్రం అడుగున దాదాపు ఏడు కిలోమీటర్ల సొరంగం పూర్తయ్యాక బస్సులు నేరుగా కొండ అంచుదాకా వెళ్తున్నాయి. అక్కడ నిలబెట్టిన ఇనుప భూగోళం పక్కన ఫొటో తీయించుకుని, ఖండం చివరను చూశామన్న తృప్తితో యాత్రికులు తిరిగి వెళ్తారు.

నార్డ్‌కాప్ అక్షాంశం 71 డిగ్రీల 10 నిమిషాల 21 సెకన్లు. అదే దీవిలో, కాస్త పడమరగా, క్నివ్‌షెలోడెన్ అనే సన్నటి నేలకొస ఉంది. అది దాదాపు ఒకటిన్నర కిలోమీటరు మేర ఇంకా ఉత్తరానికి చొచ్చుకుపోయింది. దానికి కొండచరియ లేదు, బస్సు దారి లేదు, అందుకే పేరూ రాలేదు. పైగా మాగెరోయా ఒక దీవి. దీవులను లెక్కలోకి తీసుకోకూడదంటే నార్డ్‌కాప్ కూడా చెల్లదు. అప్పుడు ప్రధాన భూభాగపు చివరి బిందువు తూర్పున ఉన్న కిన్నారోడెన్, 71 డిగ్రీల 8 నిమిషాలు. దీవులు చెల్లుతాయంటే మాగెరోయా దగ్గరే ఆగడానికి కారణం కనబడదు. బారెంట్స్ సముద్రం దాటితే స్వాల్‌బార్డ్ దీవుల ఉత్తరపు కొసన రోసోయా ఉంది, 80 డిగ్రీల 49 నిమిషాల దగ్గర. దానికి తూర్పున రష్యాకు చెందిన ఫ్రాంజ్ జోసెఫ్ లాండ్ అనే ద్వీపసమూహంలో రుడాల్ఫ్ దీవి, ఆ దీవి చివర ఫ్లిగెలీ అగ్రం. అది 81 డిగ్రీల 48 నిమిషాల దగ్గర ఉంది. అక్కడి నుంచి ఉత్తర ధ్రువం సుమారు 910 కిలోమీటర్లు.

నార్డ్‌కాప్ అక్షాంశానికీ ఫ్లిగెలీ అక్షాంశానికీ మధ్య దాదాపు 1,180 కిలోమీటర్ల అంతరం. ఒక ఖండం ఎక్కడ ముగుస్తుందన్న చిన్న ప్రశ్నకు వచ్చే రెండు జవాబుల మధ్య ఇంత దూరం ఉందంటే తప్పు కొలిచే పరికరాలది కాదు. దేన్ని కొలుస్తున్నామో ముందుగా తేల్చుకోకపోవడంలోనే చిక్కంతా ఉంది. శిలలు ఒక హద్దు గీస్తాయి. సముద్రపు లోతు మరొకటి గీస్తుంది. రాజ్యాల ఒప్పందాలవి వేరే గీతలు, పటాలు అచ్చువేసే వాళ్ల అలవాటుది ఇంకొకటి. జనం ఒత్తుగా ఉండే ప్రాంతాల్లో ఇవన్నీ ఒకదానిమీద ఒకటి పడి ఒకటే గీతలా కనిపిస్తాయి. మనుషులు దాదాపుగా లేని ఉత్తరపు దీవుల దగ్గర అవి విడివడి, దేని దారి దానిదే అవుతుంది. ఆ దీవులను శ్రద్ధగా చదవాలని నేను కోరడానికి కారణం ఇదే. ఖండం అనే భావన లోపల ఏముందో అక్కడ విడదీసి చూడవచ్చు.

ఈ సందేహం కొత్తది కాదు. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలోనే హెరడోటస్, ఐరోపాకు ఉత్తరాన, తూర్పున సముద్రం ఉందో లేదో చూసినవారు ఎవరూ లేరని రాశాడు. ఒకటిగా కలిసి ఉన్న నేలకు మూడు వేర్వేరు పేర్లు ఎందుకు పెట్టారో తనకు అర్థం కాలేదనీ చెప్పాడు. తర్వాతి శతాబ్దంలో మసాలియా నగరవాసి పైథియస్ బ్రిటన్ దాటి ఉత్తరంగా ఆరు రోజుల ప్రయాణ దూరంలో థూలే అనే చోటు ఉందనీ, అక్కడికి కొద్ది దూరంలో సముద్రం గడ్డకట్టి ఉంటుందనీ తెలియజేశాడు. అతని గ్రంథం మనకు దక్కలేదు. స్ట్రాబో, ప్లినీ వంటి వారి ఉటంకింపుల్లో ముక్కలు మిగిలాయి. థూలే అంటే నార్వే తీరమా, ఐస్‌లాండా, మరొకటా అన్న చర్చ నేటికీ తెగలేదు. 1558లో వెనిస్‌లో అచ్చయిన జేనో పటం ఉత్తర అట్లాంటిక్‌లో ఫ్రిస్‌లాండ్ అనే పెద్ద దీవిని చూపించింది. అలాంటి దీవి లేనే లేదు. అయినా 1569 నాటి మెర్కేటర్ ప్రపంచపటంలోకి కూడా అది ఎక్కింది. ఉత్తర సముద్రాల్లో ఉన్న దీవి కనబడకపోవడం, లేని దీవి కనబడటం రెండూ మామూలే.

ఫ్రాంజ్ జోసెఫ్ లాండ్ కథలో ఈ రెండూ ఉన్నాయి. ఆ నేలను కళ్లతో చూడకముందే తర్కంతో ఊహించినవారు ఇద్దరు. రష్యా నౌకాదళ అధికారి నికొలాయ్ షిల్లింగ్ 1860లలో సముద్రపు మంచు కదలికలను పరిశీలించాడు. స్వాల్‌బార్డ్‌కూ దానికి తూర్పున ఉన్న నొవాయా జెమ్ల్యా దీవులకూ మధ్య మంచు అంతగా నిలిచిపోతోందంటే దానికి ఉత్తరాన ఏదో నేల అడ్డుగా ఉండి తీరాలని వాదించాడు. 1871లో రష్యా భౌగోళిక సంఘానికి నివేదిక రాసిన ప్యోటర్ క్రపోట్కిన్ ఆ వాదాన్ని బలపరిచాడు. తర్వాతి కాలంలో అరాచకవాద సిద్ధాంతకర్తగా ప్రపంచానికి తెలిసిన క్రపోట్కిన్ ఇతనే. నౌకాయాత్రకు డబ్బు సమకూరక రష్యన్లు బయలుదేరలేకపోయారు. అదృష్టం ఆస్ట్రియా-హంగరీ వాళ్లను వరించింది. అదృష్టం అనే మాట కూడా ఇక్కడ సరిగా అతకదు.

1872 వేసవిలో అడ్మిరల్ టెగెట్‌హోఫ్ అనే ఓడ కార్ల్ వైప్రెఖ్ట్, యూలియుస్ పాయర్ల నాయకత్వంలో బయలుదేరింది. ఆగస్టులో నొవాయా జెమ్ల్యా దగ్గర మంచులో చిక్కుకుంది. ఆ మంచు మళ్లీ దాన్ని వదల్లేదు. ఓడ ఏడాది పాటు మంచుతో పాటే ఎటు తీసుకుపోతే అటు కొట్టుకుపోయింది. 1873 ఆగస్టు 30న పొగమంచు విడిపోయినప్పుడు ఎదురుగా కొండలు కనిపించాయి. తమ చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ పేరే ఆ నేలకు పెట్టారు. మరుసటి వసంతంలో పాయర్ స్లెడ్జి బళ్ల మీద ఉత్తరానికి వెళ్లి 1874 ఏప్రిల్ 12న రుడాల్ఫ్ దీవి కొసకు చేరాడు. ఆస్ట్రియా పటకర్త ఆగస్ట్ ఫొన్ ఫ్లిగెలీ పేరు దానికి పెట్టి, అక్షాంశం 82 డిగ్రీల 5 నిమిషాలని నమోదు చేశాడు. అది పావు డిగ్రీ మేర ఎక్కువని తర్వాతి కొలతలు తేల్చాయి. అక్కడ నిలబడి చూస్తే ఇంకా ఉత్తరాన నీలిరంగులో కొండలు కనిపించాయని, వాయవ్యంగా మరో నేల ఉందని పాయర్ రాశాడు. మొదటిదానికి జర్మన్ భౌగోళిక శాస్త్రవేత్త పేరిట పీటర్‌మన్ లాండ్ అని, రెండోదానికి ఆస్కర్ రాజు పేరు పెట్టాడు. పటాల్లో అవి పాతికేళ్లకు పైగా నిలిచాయి. మే నెలలో ఓడను వదిలేసి, పడవలను మంచు మీద లాక్కుంటూ వెళ్లిన సిబ్బందిని ఆగస్టులో నొవాయా జెమ్ల్యా తీరంలో రష్యన్ జాలర్లు ఆదుకున్నారు.

1895లో నార్వే అన్వేషకులు నాన్సెన్, యోహాన్సెన్ ధ్రువం దిశగా వెళ్లి వెనక్కి వస్తూ ఆ ప్రాంతం మీదుగానే దిగారు. పాయర్ చెప్పిన చోట నేల దొరకలేదు. వాళ్లు జాక్సన్ దీవిలో రాళ్లతో, వాల్రస్ తోళ్లతో గుడిసె కట్టుకుని ఎలుగుబంటి మాంసం తింటూ ఆ చలికాలం గడిపారు. 1900లో ఇటలీ బృందానికి చెందిన ఉంబెర్తో కాన్యీ రుడాల్ఫ్ దీవి నుంచే బయలుదేరి 86 డిగ్రీల 34 నిమిషాల దాకా మంచు మీద నడిచాడు. దారిలో ఎక్కడా నేల తగల్లేదు. పీటర్‌మన్ లాండ్ అక్కడితో పటాల నుంచి తొలగిపోయింది, ఫ్లిగెలీ అగ్రమే ఐరోపా ఉత్తరపు కొస అని రూఢి అయింది. పాయర్ అబద్ధం చెప్పలేదు. మంచు మీద ఆనుకుని ఉండే చల్లటి గాలి పొర, దాని మీద వెచ్చటి పొర ఉన్నప్పుడు కాంతి వంగి, దూరాన ఉన్న మంచు గుట్టలు పైకి లేచిన కొండల్లా కనిపిస్తాయి. ఆ కాలపు ఉత్తమ పరిశీలకుల్లో ఒకడైన పాయర్ కళ్లే మోసపోయాయి.

ఇక ఫ్రాంజ్ జోసెఫ్ లాండ్‌ను ఐరోపాలో ఎందుకు చేరుస్తారన్నది చూద్దాం. అక్కడ ఉన్నవి 192 దీవులు, విస్తీర్ణం 16 వేల చదరపు కిలోమీటర్లకు పైమాట, అందులో 85 శాతం హిమానీనదాల కింద ఉంది. శాశ్వత నివాసులు లేరు. నార్వే తీరం నుంచి అక్కడిదాకా పరుచుకున్న బారెంట్స్ సముద్రపు సగటు లోతు సుమారు 230 మీటర్లు. మహాసముద్రాల సగటు లోతు నాలుగు కిలోమీటర్లకు కాస్త తక్కువ అని గుర్తుంచుకుంటే దీని అర్థం తెలుస్తుంది. బారెంట్స్ సముద్రం కింద ఉన్నది మహాసముద్రపు అడుగు కాదు, నీట మునిగిన ఖండం. భూగోళ శాస్త్రం దీన్ని ఖండతీరపు అంచు అంటుంది. స్వాల్‌బార్డ్, ఫ్రాంజ్ జోసెఫ్ లాండ్ ఆ మునిగిన నేల మీద పైకి తేలిన ఎత్తైన భాగాలు. వాటికి ఉత్తరాన అడుగు ఒక్కసారిగా వేల మీటర్లు దిగిపోతుంది. స్వాల్‌బార్డ్‌కూ గ్రీన్‌లాండ్‌కూ మధ్య ఫ్రామ్ జలసంధిలో మోలోయ్ అగాధం అయిదున్నర కిలోమీటర్ల లోతుకు పోతుంది. ఐరోపాకు ఉత్తరాన ప్రకృతి గీసిన హద్దు ఏదైనా ఉంటే అది ఈ అంచే అని నా అభిప్రాయం. తీరరేఖ నమ్మదగింది కాదు. ఇరవై వేల ఏళ్ల కిందట మంచుయుగం ముదిరినప్పుడు ఈ సముద్రమంతా మందపాటి మంచు పలక కింద ఉంది. మంచు కరిగి బరువు తగ్గాక నేల మెల్లగా పైకి లేచింది. స్వాల్‌బార్డ్ తూర్పున కాంగ్ కార్ల్స్ లాండ్‌లో పాతకాలపు సముద్రతీరాలు ఇప్పటి నీటిమట్టానికి దాదాపు వంద మీటర్ల ఎత్తున గట్లు గట్లుగా కనిపిస్తాయి. వాటి మీద పడి ఉన్న తిమింగలాల ఎముకలకు, సైబీరియా నదుల నుంచి మంచుతో కొట్టుకొచ్చిన దుంగలకు రేడియోకార్బన్ పద్ధతిలో వయసు కట్టి, నేల ఏ కాలంలో ఎంత లేచిందో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

శిలలను అడిగితే హద్దు ఇంకా దూరం జరుగుతుంది. భూమి పైపొర కొన్ని పెద్ద పలకలుగా విడిపోయి ఉంది. యురేసియా పలకకూ ఉత్తర అమెరికా పలకకూ మధ్య చీలిక అట్లాంటిక్ నడుమ నుంచి వచ్చి, ఐస్‌లాండ్‌ను చీల్చుకుని, నార్వేకు చెందిన జాన్ మాయెన్ దీవి పక్కగా, ఫ్రామ్ జలసంధి గుండా ఆర్కిటిక్ మహాసముద్రంలోకి వెళ్తుంది. అక్కడ దాని పేరు గాకెల్ శ్రేణి. పొడవు సుమారు 1,800 కిలోమీటర్లు. ప్రపంచంలోకెల్లా అతి నెమ్మదిగా విడిపోతున్న సముద్రగర్భ శ్రేణి ఇదే. గ్రీన్‌లాండ్ కొసన ఏడాదికి ఒక సెంటీమీటరు పైచిలుకు, సైబీరియా కొసన అందులో సగం. చివరికి అది లాప్‌తెవ్ సముద్రం దగ్గర సైబీరియా ఒడ్డుకు తగులుతుంది. అంటే పలకల లెక్కన నార్వే నుంచి సైబీరియా నడిమి దాకా అంతా ఒక్కటే. ఐరోపాకు ఆసియాకు మధ్య చీలిక ఏదీ లేదు. రెండున్నర వేల ఏళ్ల కిందట హెరడోటస్‌కు అర్థం కానిది నేటి భూభౌతిక శాస్త్రానికీ దొరకలేదు.

చీలిక మీద కూర్చున్న ఐస్‌లాండ్ పరిస్థితి మరీ విచిత్రం. అక్కడ రెండు పలకలు ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్ల చొప్పున దూరం జరుగుతున్నాయి. దేశ రాజధాని రెక్యవిక్ ఉత్తర అమెరికా పలక మీద ఉంది. ఐస్‌లాండ్ ఐరోపా దేశమే అనడానికి ఆధారం భాష, చరిత్ర, అక్కడికి వచ్చి స్థిరపడ్డ నార్వే జనం. శిలలు అందుకు సాక్ష్యం చెప్పవు. జాన్ మాయెన్ అయితే పక్షమే మార్చింది. బేరెన్‌బెర్గ్ అనే 2,277 మీటర్ల అగ్నిపర్వతం ఉన్న ఈ దీవి ఒక చిన్న ఖండపు ముక్క చివర నిలిచి ఉంది. ఆ ముక్క ఒకప్పుడు గ్రీన్‌లాండ్‌కు అతుక్కుని ఉండేది. దానికి తూర్పున ఉన్న పాత చీలిక దాదాపు రెండున్నర కోట్ల ఏళ్ల కిందట చల్లారిపోయి, పడమటి వైపున కొత్త చీలిక తెరుచుకుంది. దాంతో గ్రీన్‌లాండ్ నేల ముక్క యురేసియా పలకలో భాగమైంది.

ఆ కొత్త చీలిక మీదే, ఐస్‌లాండ్ తీరానికి 105 కిలోమీటర్ల ఉత్తరాన, కొల్‌బెయిన్సే అనే బసాల్ట్ రాతి దిబ్బ ఉంది. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 1616 నాటి లెక్క ప్రకారం దాని పొడవు 700 మీటర్లు, వెడల్పు 100 మీటర్లు. 20వ శతాబ్దం మొదలయ్యే సరికి అందులో సగమే మిగిలింది. 1985లో కొలిస్తే 39 మీటర్లు. అలలు, మంచుగడ్డలు కలిసి దాన్ని ఏటా కొరుకుతూనే ఉన్నాయి. ఐస్‌లాండ్ ప్రభుత్వం 1989లో అక్కడ కాంక్రీటుతో హెలికాప్టర్ దిగే వేదిక కట్టించింది. 2006 నాటికి అదీ కొట్టుకుపోయింది. నేల మీద నిలబడటానికి చోటు లేని ఆ రాయి కోసం ఇంత తాపత్రయం చేపల వల్ల వచ్చింది. సముద్రంలో ఒక దేశపు హక్కులను దాని తీరంలోని ఆధార బిందువుల నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా లెక్కిస్తారు. కొల్‌బెయిన్సేను ఆధార బిందువుగా తీసుకుంటే గ్రీన్‌లాండ్ వైపు వేల చదరపు కిలోమీటర్ల సముద్రం ఐస్‌లాండ్‌కు వస్తుంది. గ్రీన్‌లాండ్ తరఫున డెన్మార్క్ దీన్ని ఒప్పుకోలేదు. 1997లో రెండు దేశాలు రాజీకి వచ్చి, వివాదంలో ఉన్న ప్రాంతంలో సుమారు 30 శాతం ఐస్‌లాండ్‌కు వదిలేశాయి. ఆ రాయి ఇవాళ పోటు వేళకు దాదాపుగా మాయమైపోయే స్థితికి వచ్చింది. దాని ఆధారంగా కుదిరిన సరిహద్దు మాత్రం చెక్కుచెదరలేదు.

అంతర్జాతీయ సముద్ర చట్టంలోని 121వ అధికరణం, మనుషులు నివసించడానికి గాని సొంత ఆర్థిక జీవనానికి గాని పనికిరాని రాళ్లకు ప్రత్యేక ఆర్థిక మండలి ఉండదని చెబుతుంది. స్కాట్లండ్‌కు పడమర అట్లాంటిక్‌లో ఒంటరిగా నిలిచిన రాకాల్‌ను బ్రిటన్ 1955లో తనదిగా ప్రకటించుకుంది. 1997లో ఆ చట్టపు ఒప్పందంలో చేరినప్పుడు దాని చుట్టూ మండలి కోరడం మానుకుంది. జాన్ మాయెన్ విషయంలో డెన్మార్క్, నార్వేల వివాదం అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లింది. 1993లో వచ్చిన తీర్పు సరిగ్గా మధ్యరేఖ దగ్గర ఆగలేదు. గ్రీన్‌లాండ్ తీరం జాన్ మాయెన్ తీరం కన్నా ఎన్నో రెట్లు పొడవైనది కాబట్టి గీతను దీవి వైపు జరిపింది. కేప్‌లిన్ అనే చిన్న చేప మందలు రెండు పక్షాలకూ అందేలా దక్షిణ భాగాన్ని విడిగా పంచింది. ఆ గీతలో పలకల చీలికకు ఏ పాత్రా లేదు, చేపల దారికి ఉంది. ఆ సముద్రం మీద బతికే వాళ్ల కోణంలో చూస్తే అది న్యాయమే అనిపిస్తుంది.

తూర్పు వైపు సంగతి వేరు. ఐరోపా, ఆసియాల మధ్య హద్దును ప్రాచీనులు డాన్ నది మీద పెట్టారు. దాన్ని ఉరల్ పర్వతాలకు జరిపింది 18వ శతాబ్దం. 1709లో పొల్తావా యుద్ధంలో రష్యన్లకు చిక్కి సైబీరియాలో ఏళ్ల తరబడి బందీగా ఉన్న స్వీడన్ సైనికాధికారి ఫిలిప్ యోహాన్ ఫొన్ స్ట్రాలెన్‌బెర్గ్, 1730లో అచ్చువేసిన పుస్తకంలో ఉరల్‌ను హద్దుగా ప్రతిపాదించాడు. ఆ ఆలోచన తనదేనని రష్యా చరిత్రకారుడు వసీలి తతీషెవ్ చెప్పుకున్నాడు. తమ దేశంలో ఐరోపా భాగం ఎంతో తేల్చుకోవాలని తహతహలాడుతున్న రష్యాకు అది అనుకూలంగా ఉండటంతో నిలిచిపోయింది. ఉరల్ శ్రేణిని ఉత్తరానికి పొడిగిస్తే సముద్రం దాటి వైగాచ్, ఆపైన నొవాయా జెమ్ల్యా దీవులు వస్తాయి. నొవాయా జెమ్ల్యా ఈశాన్య తీరంలోని ఫ్లిస్సింగ్‌స్కీ అగ్రం 69 డిగ్రీల తూర్పు రేఖాంశం దాటి ఉంది. ఐరోపా తూర్పు కొస ఇదే అని పుస్తకాలు చెబుతాయి. అయితే ఉరల్ పర్వతాలు, నొవాయా జెమ్ల్యా ముడతలు ఒకే కాలంలో ఏర్పడినవి కావు. ఉరల్ దాదాపు 30 కోట్ల ఏళ్ల కిందటి ఖండాల ఢీకొనడంలో లేచింది, నొవాయా జెమ్ల్యా ఆ తర్వాత చాలా కాలానికి, సుమారు 20 కోట్ల ఏళ్ల కిందట ముడత పడింది. పటం మీద ఒకే గీతలా కనిపించే వాటి మధ్య పది కోట్ల ఏళ్లున్నాయి. ఇంకా తూర్పున సెవెర్నాయా జెమ్ల్యా అనే దీవులను 1913లో గాని ఎవరూ చూడలేదు. భూమి మీద చివరిగా కనుగొన్న పెద్ద ద్వీపసమూహం అది. 1930 నుంచి 1932 దాకా సోవియట్ అన్వేషకులు ఉషకోవ్, ఉర్వాన్‌త్సెవ్ కుక్కల బళ్ల మీద తిరిగి దాని పటం గీశారు. దాన్ని ఆసియాలో వేశారు. ఎదురుగా ఉన్న తైమీర్ ద్వీపకల్పం ఆసియా కాబట్టి అంతే.

నొవాయా జెమ్ల్యా అనగానే విలెం బారెంట్స్ బృందాన్ని తలుచుకోకుండా ముందుకు పోలేను. 1596లో స్వాల్‌బార్డ్‌ను చూసి, అక్కడి నుంచి తూర్పుకు వచ్చిన ఈ డచ్ నావికుల ఓడ నొవాయా జెమ్ల్యా ఈశాన్యంలో మంచుకు చిక్కింది. కొట్టుకొచ్చిన దుంగలతో ఇల్లు కట్టుకుని వాళ్లు ధ్రువరాత్రిని గడిపారు. ఆ అక్షాంశంలో సూర్యుడు తిరిగి కనిపించాల్సిన రోజుకు రెండు వారాల ముందే, 1597 జనవరి 24న, దిగంతం మీద సూర్యబింబపు అంచు కనిపించిందని వాళ్లలో ఒకడైన గెరిట్ డె వేర్ దినచర్యలో రాశాడు. తిరిగొచ్చాక చాలామంది నమ్మలేదు, తేదీలు తప్పి ఉంటాయన్నారు. ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1604 నాటి తన కాంతిశాస్త్ర గ్రంథంలో ఈ పరిశీలనను చర్చించాడు. సూర్యుడు నిజంగానే దిగంతం కింద సుమారు 5 డిగ్రీల దగ్గర ఉన్నాడు. చల్లటి గాలి మీద వెచ్చటి గాలి పరుచుకున్నప్పుడు ఆ రెండింటి సరిహద్దు కాంతిని వందల కిలోమీటర్లు భూమి వంపు వెంబడి తీసుకొస్తుంది. దీన్ని నేడు నొవాయా జెమ్ల్యా ప్రభావం అంటారు. బారెంట్స్ 1597 జూన్‌లో తిరుగు ప్రయాణంలో మరణించాడు. వాళ్ల ఇల్లు 1871లో నార్వే నావికుడు ఎలింగ్ కార్ల్‌సెన్ కంట పడింది. లోపలి సామాను చాలావరకు అలాగే ఉంది.

స్వాల్‌బార్డ్‌ది మరో రకం హద్దు. 1920 ఫిబ్రవరి 9న పారిస్‌లో సంతకాలు జరిగిన ఒప్పందం 74, 81 అక్షాంశాలకు 10, 35 తూర్పు రేఖాంశాలకు మధ్య ఉన్న దీవులన్నిటి మీద నార్వేకు పూర్తి సార్వభౌమాధికారం ఇచ్చింది, సంతకం చేసిన దేశాల పౌరులకు అక్కడ సమాన హక్కులు ఉండాలని షరతు పెట్టింది. నాలుగు అంకెలతో సముద్రం మీద గీసిన చతుర్భుజం అది. బ్రిటిష్ పాలనలో ఉన్న భారతదేశం పేరు కూడా ఆ సంతకాల్లో ఉంది. 2008 జులైలో అక్కడి న్యూ ఓలెసుండ్‌లో మన హిమాద్రి పరిశోధన కేంద్రం తెరవడానికి ఆ పాత సంతకం తోడ్పడింది. అదే ఏడాది ఫిబ్రవరిలో లాంగ్‌యర్‌బియెన్ దగ్గర ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే కొండలో ప్రపంచ విత్తన భాండాగారం మొదలైంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నుంచి వెళ్లిన జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాలు అందులో మైనస్ 18 డిగ్రీల చలిలో ఉన్నాయి. దక్కన్ మెట్టపొలాల పంటలకు ఐరోపా ఉత్తరపు అంచున రక్షణ దొరికింది. ఆ కొండలకూ ఒకప్పుడు వేరే వాతావరణం ఉండేది. స్వాల్‌బార్డ్‌లో దొరికిన 38 కోట్ల ఏళ్ల నాటి చెట్ల మొదళ్లు ఆ నేల భూమధ్యరేఖ దగ్గర ఉన్నప్పటివి.

ఇప్పుడు ఆ దీవుల రూపమే మారుతోంది. 2022లో వెలువడిన ఒక అధ్యయనం ఉత్తర బారెంట్స్ సముద్ర ప్రాంతంలో సగటు వార్షిక ఉష్ణోగ్రత కొన్నిచోట్ల దశాబ్దానికి 2.7 డిగ్రీల దాకా పెరుగుతున్నట్టు చూపించింది. భూమి మీద ఇంత వేగంగా వేడెక్కుతున్న చోటు మరొకటి తెలియదు. 2019లో రష్యా ఉత్తర నౌకాదళం నొవాయా జెమ్ల్యా దగ్గర హిమానీనదం వెనక్కి తగ్గి బయటపడ్డ అయిదు కొత్త దీవులను నమోదు చేసింది. అలాగని కనిపించిన ప్రతిదీ దీవి కాదు. 2021లో గ్రీన్‌లాండ్‌కు ఉత్తరాన డెన్మార్క్, స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు అడుగుపెట్టిన మట్టి దిబ్బ ప్రపంచపు ఉత్తరాంచు నేల అని పత్రికలు రాశాయి. మరుసటి ఏడాది అక్కడి లోతులు కొలిచి చూస్తే, అది సముద్రం అడుగుకు తగిలి ఆగిపోయిన మంచుకొండ, దాని మీద పేరుకున్నది రాళ్లు, మట్టి అని తేలింది. 1978 నుంచి ఆ చుట్టుపక్కల ప్రకటించిన చిన్న దీవులన్నీ ఇలాంటివే. తన తప్పును మళ్లీ వెళ్లి తానే కొలుచుకున్న ఆ బృందం పని నాకు ఎంతో గౌరవప్రదంగా అనిపిస్తుంది.

శిలల దారిన వెళ్తే ఐరోపా ఫ్లిగెలీ దగ్గర కూడా ఆగదు. 1948లో సోవియట్ యాత్రికులు ఆర్కిటిక్ అడుగున, ధ్రువానికి అతి సమీపం నుంచి సాగే ఒక పర్వతశ్రేణిని గుర్తించి దానికి లొమొనోసోవ్ పేరు పెట్టారు. సైబీరియా వైపు నుంచి గ్రీన్‌లాండ్ వైపు దాకా దాని పొడవు సుమారు 1,800 కిలోమీటర్లు. ఒకప్పుడది బారెంట్స్, కారా సముద్రాల అంచుకు అతుక్కుని ఉన్న ఖండపు పట్టీ. దాదాపు 5 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట గాకెల్ చీలిక తెరుచుకుని దాన్ని ఐరోపా నుంచి విడదీసింది. 2004లో మంచును పగలగొట్టే ఓడల రక్షణలో ఆ శ్రేణి మీద 400 మీటర్లకు పైగా లోతుకు తొలిచి మట్టి నమూనాలు తీశారు. సుమారు 4 కోట్ల 90 లక్షల ఏళ్ల నాటి పొరల్లో అజొల్లా అవశేషాలు కుప్పలుగా దొరికాయి. మన పాడి రైతులు తొట్లలో పెంచి పశువులకు మేతగా వేసే అజొల్లాకు అది పూర్వ బంధువు. మంచినీటి మొక్క ధ్రువ సముద్రం మీద అంతగా అల్లుకుందంటే, ఆనాటి ఆర్కిటిక్ వెచ్చగా, దాదాపు నాలుగు వైపులా మూసుకుపోయి, పైన తీపినీటి పొరతో ఉండేదని అర్థం.

ఐరోపాలో పుట్టిన ఆ పట్టీ ఇప్పుడు ఉత్తర అమెరికా పలక మీద ఉంది. 2007లో రష్యన్లు ధ్రువం అడుగున 4,261 మీటర్ల లోతుకు దిగి టైటానియం జెండా పాతి వచ్చారు. శ్రేణి తమ ఖండతీరానికి సహజమైన పొడిగింపు అని రష్యా 2001లోను, మరింత సమాచారంతో 2015లోను ఐక్యరాజ్యసమితి కమిషన్ ముందు వాదించింది. గ్రీన్‌లాండ్ తరఫున డెన్మార్క్ 2014లో, కెనడా 2019లో అదే శ్రేణి మీద తమ వాదనలు దాఖలు చేశాయి. ఆ కమిషన్ పని శాస్త్రీయ ఆధారాలను పరిశీలించడం వరకే. ధ్వని తరంగాలతో తీసిన అడుగు పటాలు, అడుగు నుంచి పైకి తెచ్చిన రాళ్లు, మట్టి పొరల మందం చూసి ఖండపు వాలు ఎక్కడిదాకా ఉందో అది చెబుతుంది. ఒకరి హద్దు మరొకరి హద్దు మీద పడినప్పుడు తేల్చే అధికారం దానికి లేదు. 2008 మే నెలలో గ్రీన్‌లాండ్‌లోని ఇలులిస్సాట్‌లో సమావేశమైన అయిదు ఆర్కిటిక్ తీర దేశాలు ఇలాంటి తగాదాలను సముద్ర చట్టం ప్రకారమే పరిష్కరించుకుంటామని ప్రకటించాయి. ఆ మాట ప్రకారం ధ్రువం కింద గీత గీయాల్సింది రష్యా, డెన్మార్క్, కెనడాలే. ఆ మూడింటి వాదనలూ ధ్రువం మీద ఒకదానితో ఒకటి కలగలిసి ఉన్నాయి.